టైలరు మెట్ల కింది వాల్వు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, మీ సర్వీసులో గర్వంగా అనిపించిన రోజేదో చెప్పండి మేడమ్ అని అడుగుతుంటారు. అలాంటి రోజులు నాకు చాలా ఉన్నాయి. నేను గర్వపడడానికి పెద్ద కారణం అవసరముండేది కాదు. కాబట్టి వాటిని పక్కన పెట్టి, ఆ గర్వమంతా ఒక ఏప్రిల్ ఉదయం నడిరోడ్డు మీద నీళ్ళలో కొట్టుకుపోయిన సంగతి చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో నీటి సరఫరా చూసే ఒక ఆఫీసులో పనిచేశాను. పోస్టు పేరు డ్రాఫ్ట్స్‌మన్. మా ఆఫీసులో ఆ పోస్టులో చేరిన మొదటి ఆడమనిషిని నేనే అయినా, పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. పైపు లైన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో, ఏ వాల్వు ఎక్కడుందో మ్యాపులు గీయడం నా పని. ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో నేను రాసిన అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయని పేరు. ఆ మాట మొదట ఎవరన్నారో గుర్తులేదు. ఎక్కువసార్లు అన్నది మాత్రం నేనే.

ముప్ఫై ఏళ్ళకు పైగా గీశాను. ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నేను గీసిన వాల్వుల్లో కళ్ళారా చూసినవి చాలా తక్కువ. పాత డ్రాయింగు చూసి కొత్త డ్రాయింగు గీసేదాన్ని. ఎండలో తిరిగేవాళ్ళు వేరే ఉండేవారు. నాకు ఫ్యాను కింద చల్లగా ఉండేది.

కంప్యూటర్లో గీసే పిల్లలు వచ్చాక నాకు పని తగ్గింది. నేనూ నాలుగు బీరువాలూ మిగిలాం. మా దీవుల తేమకు ట్రేసింగులు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. అతుక్కోనివాటిని చెదలు తినేవి. సముద్రం అడుగున కేబుల్ పడి, ఇంటర్నెట్టు మాక్కూడా కాస్త నడవడం మొదలైన రోజులవి. అప్పుడే మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వచ్చారు. ఆయన ఆలోచన మంచిది. బీరువాల్లో ఉన్న డ్రాయింగులు, లాగ్‌బుక్కులు, రిపేరు రిజిస్టర్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఒకచోట పెట్టాలి. ప్రతి వాల్వుకూ ఒక పేజీ. ఆఫీసులో ఉన్నవాళ్ళూ ఫీల్డులో తిరిగేవాళ్ళూ అందరూ ఫోనులో ఆ పేజీ చూడొచ్చు, తమకు తెలిసింది చేర్చొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. పాతవాళ్ళు రిటైరైపోతుంటే వాళ్ళకు తెలిసిందంతా వాళ్ళతోనే ఇంటికి పోతోందని ఆయన బాధ. ఈ పనికి ఒక జూనియర్ ఇంజనీరు అమ్మాయినీ నన్నూ వేశారు. కంప్యూటరు సంగతులు అమ్మాయి చూస్తుంది. నేను అడ్మిన్‌ని.

అడ్మిన్ అన్న మాట నా తలకెక్కింది. చౌల్దారీ ఊళ్ళో మా పిన్ని మనవరాలి పెళ్ళికి వెళ్ళి నలుగురికీ చెప్పాను. వాళ్ళు దాన్ని దీవుల అడ్మినిస్ట్రేషన్‌లో పెద్ద ఆఫీసరు పోస్టనుకుని, భోజనాల దగ్గర నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒకాయనైతే తన అల్లుడి బదిలీ సంగతి కాస్త చూడమన్నాడు. చూస్తానన్నాను.

జూనియర్ ఇంజనీరు అమ్మాయిది మా పేటే, బ్రూక్షాబాద్. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. ఆ పిల్లకు చదువుతో పాటు ఓపిక కూడా ఉండేది. ఫీల్డు వాళ్ళు రాయరు, మనమే వాళ్ళను మాట్లాడించాలని మొదటి వారమే కనిపెట్టింది. ఫోను పట్టుకుని, మామయ్యా మామయ్యా అంటూ వాల్వు ఆపరేటర్ వెంట తిరిగేది.

ఆ ఆపరేటరు గురించి చెప్పాలి. నాకంటే రెండేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న టెక్కలి వైపు నుంచి వచ్చాడు, ఈయన ఇక్కడే పుట్టాడు. పొడుగాటి ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని, ఏ పేటకు ఏ వేళకు నీళ్ళు వదలాలో ఆ వేళకు వాల్వులు తిప్పడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో ఎన్ని వాల్వులున్నాయో అన్నీ ఆయన పాదాలకు తెలుసు. అమ్మాయి అడిగితే చెప్పేవాడు, ఆ పిల్ల ఫోనులో రికార్డు చేసి, సగం హిందీ సగం తెలుగు ఎలా ఉన్నది అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పేజీలో పెట్టేది. ఫలానా చర్చి గోడ నుంచి పన్నెండు అడుగులు, ఫలానా వాల్వు మీద ఒకాయన స్కూటరు పెడతాడు, తీయమంటే తీస్తాడు, ఇలా ఉండేవి.

నాకవి చూస్తే ఒళ్ళు మండేది. ప్రభుత్వ రికార్డులో స్కూటరేమిటి? అప్పటికే నేను పద్నాలుగు గళ్ళ ఫారం ఒకటి తయారుచేసి ఉన్నాను. వాల్వు నంబరు, పైపు సైజు, డ్రాయింగు నంబరు, ట్యాంకు నుంచి ఎన్ని మీటర్ల దూరం, ఇలా. స్కూటరుకు అందులో గడి లేదు. ఎవరేం రాసినా అడ్మిన్ ఒప్పుకుంటేనే నిలిచేలా సెట్టింగు పెట్టించుకున్నాను కాబట్టి, రోజూ పొద్దున్న టీ తాగుతూ ఆయన మాటలన్నీ ఒక్కొక్కటిగా తుడిచేసి, వాటి స్థానంలో బీరువాలోని డ్రాయింగు చెప్పే అంకెలు వేసేదాన్ని. అమ్మాయి ఒకటి రెండుసార్లు, అవి కూడా ఉండనిద్దాం మేడమ్ అంది. రికార్డుకూ కబుర్లకూ తేడా ఏమిటో ఆ పిల్లకు అరగంట చెప్పాను. పాపం, వింది.

ఒకరోజు ఆపరేటరే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు.

"మేడమ్ జీ, నాను సెప్పింది అందులో లేదేటి? ఇంజనీరమ్మ ఫోన్లో సూపించింది. ఎవులో మిటా దియా."

తుడిచింది నేనేనని చెప్పాను. స్టాండర్డు అన్న మాట నాలుగైదుసార్లు వాడాను. డ్రాయింగు చూపించాను, అందులో నా అక్షరాలు కూడా చూపించాను. ఆయన వాటిని శ్రద్ధగా చూశాడు.

"అచ్ఛా రాసినారు," అన్నాడు. "ఠీక్ హై మేడమ్ జీ."

అంతే, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అమ్మాయి ఫోను పెట్టి అడిగితే, అన్నీ మేడమ్ దగ్గర ఉన్నాయి కదమ్మా అనేవాడట. ఆయన ఆపేశాక ఫిట్టర్లు ఆపేశారు, పంపు డ్రైవర్లు ఆపేశారు. రెండు నెలల్లో ఆ సైటులో నేను తప్ప ఎవరూ ఏమీ రాయడం లేదు. దాన్ని నేనెలా అర్థం చేసుకున్నానో చూడండి. ఈ నెలలో ఒక్క సవరణ కూడా అవసరం పడలేదు, రికార్డు సంపూర్ణమైంది అని పైకి రిపోర్టు పంపాను. ఇంజనీరు సారు మీటింగులో అందరిచేతా చప్పట్లు కొట్టించారు. వాటిలో ఆపరేటరు చప్పట్లు కూడా ఉన్నాయి.

ఏప్రిల్ వచ్చింది. మా దగ్గర వర్షాలు మొదలయ్యేది మే నెలలో. ఏప్రిల్లో డ్యామ్ అడుగు కనపడుతుంటుంది, ఊరికి నీళ్ళు మూడు రోజులకొకసారి. ట్యాంకు నిండడానికే రెండు రోజులు పడుతుంది. అలాంటి ఒక ఉదయం, నిండిన ట్యాంకు నుంచి నీళ్ళు వదిలిన కాసేపటికి, డైరీ ఫార్మ్ పేట దగ్గర రోడ్డు తవ్వే మిషను పన్ను మెయిన్ లైనుకు తగిలింది. నీళ్ళు కరెంటు తీగల ఎత్తుకు లేచాయని ఫోనొచ్చింది. ట్యాంకు దగ్గరే కట్టేద్దామంటే, ఆసుపత్రికి పోయే లైనూ ఆ ట్యాంకుదే. డైరీ ఫార్మ్ వైపు వాల్వు ఒక్కటీ మూస్తే చాలు. ఆపరేటరేమో మేనల్లుడి పెళ్ళికి విశాఖపట్నం ఓడెక్కి రెండు రోజులైంది. నడిసముద్రంలో ఫోను ఎత్తేవాడెవడు?

ఇంజనీరు సారు నాకు ఫోను చేసి, ఆ వాల్వు వివరాలు సైటులో ఉన్నాయా అని అడిగారు. అన్నీ ఉన్నాయి సార్ అన్నాను. ఆ మాట అన్నప్పుడు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నానని కూడా నాకు గుర్తుంది.

ఫిట్టర్లు ఫోన్లలో నా పేజీ తెరిచారు. మీటర్ల లెక్క ప్రకారం వాల్వు రోడ్డు కింది కల్వర్టు పక్కన ఉండాలి. తవ్వారు, లేదు. ఇంకో రెండడుగులు తవ్వారు. అవతలి పక్క తవ్వారు. గంట గడిచినా వాల్వు దొరకలేదని కబురొస్తే, వాళ్ళకు డ్రాయింగు చదవడం రాదని తీర్మానించుకుని, ట్రేసింగు చుట్ట చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

అక్కడ రోడ్డు ఏరులా పారుతోంది. జనం బిందెలూ బకెట్లూ డ్రమ్ములూ తెచ్చి పట్టుకున్నంత పట్టుకుంటున్నారు, మిగతాది కాలువలో పడి సముద్రానికి పోతోంది. మూడు రోజుల తర్వాత వచ్చిన నీళ్ళు. ఒక ముసలావిడ నా ఆఫీసు బ్యాడ్జి చూసి, "ఇది ఎవరిదమ్మా వంతు?" అని అడిగింది. ఈ పోతున్న నీళ్ళు ఏ పేటవని ఆవిడ ప్రశ్న. బ్రూక్షాబాద్ వాళ్ళవి. బ్యాడ్జి వెనక్కి తిప్పేసుకుని ముందుకు నడిచాను.

నేను ట్రేసింగు విప్పి, తడవకుండా పైకెత్తి పట్టుకుని, ఇంకో మీటరు ఎడమకు తవ్వమని చూపించాను. ఫిట్టరు నా ముఖం చూశాడు, డ్రాయింగు చూశాడు, గునపం ఎత్తాడు. అక్కడా రాయే తగిలింది. ఇంజనీరు సారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఇక ఆసుపత్రి సంగతి ఏమైనా కానీ, ట్యాంకు దగ్గర కట్టేయమని చెప్పడానికి ఫోను తీశారు.

"సార్, ఏక్ మినిట్," అంది జూనియర్ ఇంజనీరు అమ్మాయి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫోను చూస్తోంది. "మామయ్య ఈ వాల్వు గురించి ఏదో బోలాడు. నేనే టైపు చేశా. పురానా మార్పులు ఉంటాయి, చూస్తున్నా."

ఇక్కడొక సంగతి చెప్పాలి. అలాంటి సైటులో మీరు తుడిచేసింది పైకి కనపడదు, అంతే. ప్రతి పేజీ వెనకా పాత రాతలన్నీ వరసగా ఉంటాయి, ఎవరు రాశారు, ఎవరు తుడిచారు అన్న పేర్లతో సహా. అడ్మిన్‌కు ఈ సంగతి తెలియాలి. ఆ అడ్మిన్‌కు తెలియదు.

అమ్మాయికి దొరికింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి తెర నాకూ కనపడింది. ఆపరేటరు మాట ఉంది, దాని పక్కన ఎర్రగా తుడిచివేత గుర్తు, ఆ గుర్తు పక్కన నా పేరు. పూర్తి పేరు, హోదాతో సహా. అమ్మాయి నా వైపు చూడలేదు. పేరు వదిలేసి, మాట మాత్రం గట్టిగా చదివింది.

"డైరీ ఫార్మ్ చఢాయి ఎక్కుతానే ఎడం పక్క, టైలర్ దుకాణం సీఢీ కింద, చెక్క ఎత్తితే ఉంటాది. సునామీ తర్వాత పెట్టినాం. ఉల్టా వాల్వు, ధ్యాన్ రఖో."

కల్వర్టు నుంచి ఎత్తు రోడ్డు మీద అది యాభై గజాలు పైకి. ఫిట్టర్లు పరుగెత్తారు. టైలరు మెట్ల కింద చెక్క ఎత్తితే, శుభ్రంగా గ్రీజు రాసి, వాల్వు ఉంది. ఒక ఫిట్టరు తాళంచెవి తగిలించి, అలవాటు ప్రకారం కుడివైపుకు తిప్పాడు. కింద రోడ్డు మీద నీళ్ళు ఇంకా పైకి లేచాయి. ఉల్టా, ఉల్టా అని అమ్మాయి కేక వేసింది. ఎడమకు తిప్పాడు. కాసేపటికి నీళ్ళు తగ్గి, బుసబుసలాడి, ఆగాయి.

తర్వాత తెలిసిందేమిటంటే, సునామీ నాటి భూకంపానికి కల్వర్టు దగ్గర లైను విరిగితే దాన్ని ఆ ఎత్తు మీదికి మార్చారు. అప్పుడు దొరికిన వాల్వే పెట్టారు, అది ఎడమకు తిప్పితే మూసుకునే రకం. ఆ హడావుడిలో డ్రాయింగు ఎవరూ మార్చలేదు. ఎవరూ అంటే నేను. కాగితం మీద మార్చమని స్లిప్పు వచ్చే ఉంటుంది. బీరువాలో ఏ రెండు ట్రేసింగుల మధ్యో అతుక్కుని ఉంటుంది.

ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయింది. బ్రూక్షాబాద్ వంతు ఎగిరిపోయింది, ఇంకో మూడు రోజులు లారీ ట్యాంకర్లే. మా వీధిలో నేనూ బిందె పట్టుకుని లైన్లో నిలబడ్డాను. పక్కింటావిడ, ఆఫీసులో ఉన్నదానివి నీకూ ఈ కర్మేనా అని జాలిపడింది. ఆ జాలి మింగడం ట్యాంకరు నీళ్ళు మింగడం కంటే కష్టమైంది.

వాల్వు దొరకడం ఎందుకు ఆలస్యమైందో మూడు రోజుల్లో రాసివ్వమన్నారు ఇంజనీరు సారు. ఆయనకు అప్పటికింకా తెలియదు. తెలిసింది ఇద్దరికే, నాకూ అమ్మాయికీ. ఆ అమ్మాయి నోరు విప్పలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు గది ఖాళీగా ఉంటే, సైటు తెరిచాను. పేజీ వెనక ఉన్న పాత రాతల్ని కూడా శాశ్వతంగా తీసేసే అధికారం ఒక్క అడ్మిన్‌కే ఉంటుందని సహాయం పేజీలో చదివాను. ఏడాదిన్నరగా తెరవని సహాయం పేజీని ఆ రోజు చాలా శ్రద్ధగా చదివాను. ఆ మీట నొక్కితే నా పేరు మాయం. నిజంగానే నొక్కాను. అప్పుడొక గడి తెరుచుకుంది. తొలగింపునకు కారణం రాయమంది. రాయకపోతే ముందుకు పోదు. సైటులో ఏ గడీ ఖాళీగా వదలకూడదని మొదట్లోనే సెట్టింగు పెట్టించింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. పద్నాలుగు గళ్ళ మనిషి మరి.

'అనవసర సమాచారం' అని రాశాను. రోడ్డు మీద ఊరంతా విన్న సమాచారం అనవసరమెలా అవుతుంది? తుడిచేశాను. 'పొరపాటు' అని రాశాను. ఎవరి పొరపాటు అని నాకు నేనే అడిగాను. అదీ తుడిచేశాను. అలా ఓ అరగంట రాసీ తుడిచీ, చివరికి ఆ గడిలో పట్టనంత పెద్ద వాక్యం తయారైంది. ఆపరేటరు సరిగా చెప్పిన సమాచారాన్ని నాకు నచ్చలేదని తొలగించాను, ఇంకా నలభై చోట్ల ఇలాగే చేశాను. తొలగింపు రద్దు చేసి, ఆ వాక్యాన్నే కాగితం మీద రాసి ఇంజనీరు సారుకిచ్చాను. దాన్ని నిజాయితీ అనకండి. అబద్ధం గడిలో పట్టలేదు, అంతే.

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత, మెమో ఇస్తానన్నారు, ఇచ్చారు కూడా. అడ్మిన్ ఒప్పుకుంటేనే మార్పు నిలవాలన్న సెట్టింగు ఆ రోజే తీయించేశారు. తుడిచినవన్నీ తిరిగి పెట్టమని నాకే పని ఒప్పగించారు. నలభై ఒక్క మాటలు తిరిగి పెట్టాను. స్కూటరు కూడా వచ్చేసింది.

మూడు వారాలకు ఆపరేటరు ఓడ దిగాడు. పంపు హౌసు దగ్గర కలిశాను. ఈసారి చెప్పులు విడవాల్సింది నేనని అనిపించి విడిచాను కూడా, కానీ అక్కడ నేల కాలిపోతుంటే మళ్ళీ వేసుకున్నాను. జరిగింది చెప్పి, మిగిలిన వాల్వుల సంగతి కూడా చెప్పమని అడిగాను.

"ఏటి ఫాయిదా మేడమ్ జీ," అన్నాడు. కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "నాను సెప్తాను, రేపు ఇంకొకలు మిటా దేంగే. నా నోరు నొప్పి."

"తుడిచినా ఉంటుందట," అన్నాను. "వెనకాల ఉంటుంది. తుడిచినవాళ్ళ పేరుతో సహా."

ఆయన ఆలోచించాడు. "మీ పేరు ఉందేటి?"

"నలభై ఒక్కసార్లు."

నవ్వాడు. నా సర్వీసులో నేను ఒక మనిషిని అంత బాగా నవ్వించింది అప్పుడే. నవ్వాక, ఒక షరతు పెట్టాడు. ఫోనులో చెప్పను, మీరే వచ్చి చూడండి, చూసి రాయండి అన్నాడు.

వెళ్ళాను. నెలన్నర పాటు పొద్దున్నే గొడుగు పట్టుకుని ఆయన వెనక నడిచాను. యాభై ఎనిమిదేళ్ళకు నేను గీసిన ఊరిని మొదటిసారి చూశాను. గీతలు తిన్నగా ఉన్నచోట కొండ ఉంది. నేను చుక్క పెట్టినచోట ఒకరి కోళ్ళగూడు ఉంది. ఆయన చెప్పిందంతా చెప్పినట్టే రాసి, పక్కన నేను చేత్తో స్కెచ్చి గీసేదాన్ని. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, గోడ ఇంత దగ్గర లేదు మేడమ్ జీ అనేవాడు. చెరిపి మళ్ళీ గీసేదాన్ని. ఒకరోజు తాళంచెవి నా చేతికిచ్చి వాల్వు తిప్పమన్నాడు. ముప్ఫై ఎనిమిది చుట్లు. పద్నాలుగో చుట్టుకు నా పని అయిపోయింది. మిగిలినవి ఆయన తిప్పుతూ, రోజుకు ఇలాంటివి ఎన్ని తిప్పుతాడో చెప్పకుండానే నాకు అర్థమయ్యేలా చేశాడు. ఫిట్టర్లు మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. వాళ్ళ స్పెల్లింగులు చూసి చేతులు జిలపెట్టేవి. చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని.

తర్వాత నేను రిటైరయ్యాను, రెండేళ్ళకు ఆయనా అయ్యాడు. వాల్వులు ఇప్పుడు వేరే ఎవరో తిప్పుతున్నారు.

మొన్నామధ్య మా వీధికి నీళ్ళు ఆలస్యమైతే, అలవాటు కొద్దీ సైటు తెరిచి మా వీధి వాల్వు పేజీ చూశాను. నా స్కెచ్చి ఉంది. దాని కింద ఎవరో కొత్త కుర్రాళ్ళు రాశారు: రిటైర్డ్ మేడమ్ గారి స్కెచ్చిలో వాల్వు రెండడుగులు తప్పుగా ఉంది, గమనించగలరు. ఒళ్ళు మండింది. అంత త్వరగా పోయే గుణం కాదు. టేపు పట్టుకుని వీధిలోకి వెళ్ళి, ఎండలో వంగి కొలిచాను. రెండడుగులు కాదు, మూడు. పెద్దదాన్నని మర్యాదకు తగ్గించి రాసినట్టున్నారు.

జూనియర్ ఇంజనీరు అమ్మాయికి ఫోను చేసి, అది మూడడుగులని దిద్దించమన్నాను. ఇప్పుడా పిల్ల అసిస్టెంట్ ఇంజనీరు.

"మీరే దిద్దండి మేడమ్," అంది. "మీ లాగిన్ ఇంకా చాలూ ఉంది, తెరుచుకుంటుంది. అడ్మిన్ ఒక్కటే తీసేశాం."

కళ్ళజోడు పెట్టుకుని, వాళ్ళ మాట ఒక్క అక్షరం కూడా కదపకుండా, దాని కింద రాశాను: కొలిచి చూశాను, మూడడుగులు. తప్పు నాది.